మీ ఊరి గురించి వికీపీడియాలో రాయబోతున్నారా? ముందు చీరాల సంగతి చూడండి

సొంత ఊరి గురించి రాయడమంత తేలికైన పని లేదనుకుని మొదలుపెట్టాను నేను. మాది చీరాల ప్రాంతమే. తెలుగు వికీపీడియాలో చీరాల పేజీ తెరిచి, ఒక రాత్రంతా కూర్చుని, తెలిసిందంతా గుమ్మరించి, తృప్తిగా పడుకున్నాను. మర్నాడు చూస్తే సగం లేదు. ఆ పేజీకి జతగా ఉండే చర్చా పేజీలో ఎవరో మర్యాదగానే "దీనికి మూలం ఏదండీ" అని అడిగారు. "మాది ఆ ఊరే" అని రాశాను, కొంచెం పొగరుగానే. "మూలం అంటే మీరు పుట్టిన ఊరు కాదండీ, ఎక్కడో అచ్చయిన పుస్తకమో పత్రికో" అని జవాబు. రెండు రోజులు ఉడుక్కున్నాను గానీ, తరవాత నేను తీసేయాల్సొచ్చిన నా వాక్యాలే నాలుగైదు కనపడ్డాయి.

అప్పటినుంచి నేర్చుకున్నదే ఇక్కడ చెప్తున్నాను. చీరాల నాకు బాగా తెలిసిన ఊరు కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. మీది నర్సీపట్నమైనా గద్వాలైనా చిక్కులు ఇంచుమించు ఇవే వస్తాయి.

అన్నిటికంటే ముందు, మీరు రాస్తున్నది ఏ చీరాల గురించో తేల్చుకోండి. నవ్వకండి, ఇది నిజంగానే ప్రశ్న. చీరాల అనేది ఒక పట్టణం, ఒక మండలం, ఒక రెవెన్యూ డివిజను, ఒక శాసనసభ నియోజకవర్గం, ఒక రైల్వే స్టేషను కూడా. వికీపీడియాలో వీటికి విడివిడిగా పేజీలు ఉంటాయి. మాటల్లో మనం అన్నీ కలిపేస్తాం. వాడరేవు బీచికి వెళ్ళినవాళ్ళు "చీరాల బీచికి వెళ్ళొచ్చాం" అంటారు, కానీ వాడరేవు మునిసిపాలిటీలోది కాదు, చీరాల మండలంలోని వేరే ఊరు. నేను మొదటి రాత్రి చేసిన పెద్ద తప్పు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని చీరాల పేజీలో మూడు పేరాలు రాయడం. 1918లో మొదలైన, ఎంతో పేరున్న గ్రంథాలయం అది, రాయాలనిపించడం సహజమే. కానీ వేటపాలెం వేరే ఊరు, వేరే మండలం. చీరాల పేజీలో దాని గురించి ఒక వాక్యం, దాంట్లో ఒక లింకు చాలు. పక్క ఊరి గొప్పని మన ఊరి ఖాతాలో వేసుకోవడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు, పక్క ఊరివాళ్ళు కూడా అదే చేస్తుంటారు కాబట్టి లెక్క సరిపోతుందనుకోకండి.

తరవాత మూలాల వేట. ఇక్కడ జిల్లా చరిత్ర తెలియకపోతే తల బద్దలు కొట్టుకోవాల్సిందే. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్ 4 నుంచి. దానికి ముందు ప్రకాశం జిల్లా. ఆ జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పేరుతో పుట్టింది, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1970కి ముందు చీరాలది గుంటూరు జిల్లా. గుంటూరు జిల్లాయే 1904లో ఏర్పడింది, అంతకు ముందు ఈ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మీకు కావలసిన సమాచారం ఏ పుస్తకంలో ఉంటుందనేది ఈ తేదీల్ని బట్టే ఉంటుంది. 2011 జనాభా లెక్కల చేతిపుస్తకంలో చీరాల కోసం బాపట్ల సంపుటం వెతికితే దొరకదు, ప్రకాశం సంపుటంలో ఉంటుంది. 1921 నాటి సంగతులకి గుంటూరు జిల్లా గెజెటీర్లు, నివేదికలు చూడాలి. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ తిరగేయాలి. మీ ఊరు తెలంగాణలో ఉంటే ఇంకా జాగ్రత్త, 2016లో పది జిల్లాలు ముప్ఫయ్యొకటి అయ్యాయి, 2019లో ముప్ఫైమూడు. ఊరు కదలదు, జిల్లాలే కదులుతుంటాయి. అందుకే "చీరాల బాపట్ల జిల్లాలో ఉంది, 1921లో బాపట్ల జిల్లా ప్రజలు పన్నులు ఎగ్గొట్టి..." అని రాస్తే చరిత్ర తెలిసినవాళ్ళు నవ్వుతారు. ఆ రోజు ఏ జిల్లానో ఆ జిల్లానే రాయండి.

పైన చెప్పిన జనాభా లెక్కల చేతిపుస్తకం బంగారం లాంటిది, జనం ఎందుకో పట్టించుకోరు. పట్టణాల పట్టికల్లో వానపాతం, దగ్గరి రైల్వే స్టేషను, ఆస్పత్రులు, బళ్ళు, బ్యాంకులు, ఊళ్ళో ముఖ్యంగా తయారయ్యే సరుకులు అన్నీ ఉంటాయి. ఒక్క సంపుటంతో మీ పేజీలో మూడో వంతు నిండుతుంది, ప్రతి వాక్యానికీ పేజీ నంబరుతో సహా ఆధారం ఉంటుంది.

జనాభా అంకె దగ్గర మాత్రం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. 2011లో చీరాల మునిసిపాలిటీ జనాభా 87 వేల పైచిలుకు. అదే చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్ళతో పట్టణ సముదాయంగా లెక్కేస్తే లక్షా 60 వేలు దాటుతుంది. రెండూ నిజమే, రెండూ ప్రభుత్వం అచ్చేసిన అంకెలే. ఒకరు ఒకటి రాస్తారు, ఇంకొకరు వచ్చి "తప్పు" అని రెండోది పెడతారు, ఇలా నెలల తరబడి నడుస్తుంది. రెండూ రాసి, ఏది దేనికి చెందిందో చెప్తే గొడవే లేదు. అంకె పక్కన సంవత్సరం తప్పనిసరి. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి 2011 అంకెలే మనకి దిక్కు. ఇంటర్నెట్టులో "చీరాల జనాభా 2024" అని కనిపించేవన్నీ ఎవరో పాత అంకెని పెరుగుదల రేటుతో గుణించి పెట్టినవి, వాటిని ముట్టుకోవద్దు.

ఇప్పుడు అసలైన సరదా, ఊరి పేరు. ప్రతి ఊరివాడికీ తన ఊరి పేరు వెనక ఒక కథ తెలుసు, మూడొంతులు సంస్కృతంలో ఉంటుంది. చీరాల అసలు పేరు క్షీరపురి అంటారు, పాలలాంటి సముద్రం ఉంది కాబట్టి అని వివరణ. కాదు, చీరలు నేసే ఊరు కాబట్టి చీరాల అని ఇంకొకరు. నాకు రెండూ నమ్మబుద్ధి కాదు, ఎందుకంటే పక్కనే పేరాల ఉంది. రెండు పేర్లూ ఒకే తీరుగా ముగుస్తున్నాయి. క్షీరం నుంచి చీరాల వస్తే పేరాల దేన్నుంచి వచ్చినట్టు? ఈ ప్రశ్న నాకు చాలా తెలివైన ప్రశ్నగా తోచి, పేజీలో ఒక పేరా రాసేశాను కూడా. అది తీసేశారు, తీసేయడం న్యాయమే. నేను కనిపెట్టింది నిజమే కావచ్చు, కానీ దాన్ని ఎవరూ పరిశోధించి అచ్చు వేయలేదు. వికీలో దీన్ని మౌలిక పరిశోధన అంటారు, దానికి విజ్ఞానసర్వస్వంలో చోటు లేదు. మీ అనుమానాన్ని చర్చా పేజీలో రాసుకోవచ్చు, పేజీలో మాత్రం "క్షీరపురి అనే పేరు నుంచి వచ్చిందని ఒక కథనం" అని, ఆ కథనం ఎవరిదో చెప్పి, ఆధారం ఇచ్చి ఊరుకోవాలి. "క్షీరపురి నుంచి వచ్చింది" అనడానికీ "వచ్చిందని అంటారు" అనడానికీ చాలా తేడా ఉంది.

నాకు అర్థమైందేమిటంటే, ఊరివాడిగా మనకున్న ఎరుక ప్రశ్నలు వేయడానికి పనికొస్తుంది, జవాబులు రాయడానికి కాదు. బయటివాడికి కనపడని తప్పు మనకి వెంటనే కనపడుతుంది. ఎవరో "చీరాల గుండా జాతీయ రహదారి 16 వెళ్తుంది" అని రాస్తే, మనకి తెలుసు అది ఒంగోలు వైపు నుంచి వెళ్ళేదని, చీరాల మీదుగా వెళ్ళేది కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు ఉన్న 216 అని. కానీ దిద్దేటప్పుడు "నేను రోజూ వెళ్ళే దారి" అని రాయకుండా రహదారుల పట్టిక ఒకటి ఆధారంగా పెట్టాలి.

చీరాల గురించి ఎవరు రాసినా చీరాల-పేరాల ఉద్యమం దగ్గర ఆగుతారు, ఆగాల్సిందే. ఊరి అభిమానం ఎక్కువగా కాలు జారేది కూడా అక్కడే. సంగతి క్లుప్తంగా ఇది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా పెరిగాయి, చాలావరకు నేతపని చేసుకునే ఊరు అది, భరించలేమన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వం తీసుకున్నారు, రామదండు అనే స్వచ్ఛంద దళం నడిపారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చారు. మునిసిపల్ హద్దులు దాటి బయటికి వెళ్ళిపోతే పన్ను కట్టే పనే ఉండదు కదా అనే దారి ముందుకొచ్చింది. జనం ఇళ్ళు వదిలి పక్కన రామనగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. దుగ్గిరాల అరెస్టయ్యారు, ఏడాది జైలు పడింది. చివరికి జనం తిరిగి ఊళ్ళోకి వచ్చారు.

దీన్ని మనవాళ్ళు రాసే పద్ధతి చూడండి. "తెల్లదొరల గుండెల్లో నిద్రపోయిన చీరాల సింహాలు ఘనవిజయం సాధించిన చారిత్రాత్మక పోరాటం." నేనూ ఇంచుమించు ఇలాగే రాశాను, ఒప్పుకుంటున్నాను. ఇందులో చదివేవాడికి తెలిసే కొత్త సంగతి సున్నా, పైగా ఘనవిజయం అన్నమాట నిజమూ కాదు. ఒక ఊరు దాదాపు ఊరంతా 11 నెలలు పాకల్లో బతికిందన్న ఒక్క వాక్యం ఈ విశేషణాలన్నిటికంటే బరువైంది, దాన్ని అలాగే పొడిగా రాస్తే చాలు. ఇంకో వైపు కూడా చెప్పాలి. మునిసిపాలిటీ ఎందుకు కావాలని ప్రభుత్వం అనుకుంది, ఏ కారణాలు చూపింది అన్నది ఒకటి రెండు వాక్యాల్లో ఉండాలి. 1920 చివర్నుంచి మద్రాసులో స్థానిక పాలన శాఖ మంత్రి పానగల్లు రాజా, అంటే నిర్ణయం వెనక నిలబడిన వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు, ఇది తెల్లవాళ్ళకీ మనకీ మధ్య సూటిగా జరిగిన పోరాటంగా మాత్రమే రాస్తే సగం కథ పోతుంది. వికీపీడియా నియమాల్లో చెప్పే తటస్థ దృక్కోణం అంటే ఇద్దరి మాటా సమానంగా తూచి రాయడం అనుకుంటారు చాలామంది, అలా కాదు. ఆధారాల్లో దేనికి ఎంత బరువుందో పేజీలోనూ అంత చోటు. ఇంకో సంగతి, ఉద్యమానికి వేరే పేజీ ఉంటుంది కాబట్టి ఊరి పేజీలో ఒక పేరా సారాంశం, లింకు పెట్టి వదిలేయండి. పూర్తి కథ ఊరి పేజీలోకి తెస్తే మిగతా ఊరు కనపడదు.

విశేషణాల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, రాసిన తరవాత ఒకసారి కూర్చుని ప్రసిద్ధ, సుప్రసిద్ధ, పేరెన్నికగన్న, ప్రశాంతమైన, అత్యంత, శరవేగంగా, పుట్టినిల్లు లాంటివన్నీ కొట్టేయండి. నాది సగానికి తగ్గింది. "చిన్న బొంబాయి" అనే ముద్దుపేరు ఉంది చీరాలకి, బట్టల వ్యాపారం వల్ల. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నట్టే. రాయొచ్చు, ఆధారముంటే, కానీ మొదటి వాక్యంలో కాదు.

చేనేత విభాగం రాసేటప్పుడు రెండు గోతులుంటాయి. ఒకటి, దుకాణం కరపత్రంలా రాయడం. రెండోది, వార్తాపత్రిక కన్నీటి కథనంలా రాయడం. ఏం నేస్తారు, ఎక్కడికి పోయేది, పని ఎలా నడుస్తుంది, ఇవి చెప్పండి. చీరాల రుమాళ్ళు ఒకప్పుడు గల్ఫ్‌కి, ఆఫ్రికాకి ఎగుమతయ్యేవి. తేలియా రుమాలు అంటే నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదతో నానబెట్టి రంగు వేసేది, ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళలో ఉంటుంది. ఆ విద్య మా ఊరిదే అని మావాళ్ళు గట్టిగా చెప్తారు. కానీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) 2020లో తెలంగాణలోని పుట్టపాక పేరున వచ్చింది. పేజీలో రెండూ ఉండాలి. మీకు ఏది ఇష్టం లేదో దాన్ని కాస్త ముందే రాయడం అలవాటు చేసుకుంటే పక్షపాతం తగ్గుతుంది, ఇది నా సొంత చిట్కా. అలాగే మాస్టర్ వీవర్ల దగ్గర కూలికి నేసే పద్ధతి, పవర్‌లూమ్‌ల పోటీ, నేత వదిలి వేరే పనులకి పోవడం, ఇవి రాయకుండా అందమైన చీరల గురించే రాస్తే ఆ విభాగం అబద్ధం కాకపోయినా నిజమూ కాదు.

ప్రముఖులు అనే విభాగం ఉందే, ఊరి పేజీల్లో అది సంతలాంటిది. ఎవరి మేనమామని వాళ్ళు తెచ్చి పెడతారు. నియమం సులువు, ఆ మనిషికి సొంత పేజీ ఉండాలి లేదా గట్టి ఆధారం ఉండాలి, ఊరితో సంబంధం ఏమిటో ఒక ముక్కలో చెప్పాలి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య చీరాలవాడు కాదు, పుట్టింది పెనుగంచిప్రోలులో. కొణిజేటి రోశయ్య పుట్టింది వేమూరు, చీరాల నుంచి 1989లో, 2004లో శాసనసభకి గెలిచారు. ఇద్దరికీ పేజీలో చోటుంది, "చీరాలలో జన్మించిన ప్రముఖులు" కింద మాత్రం కాదు. ఇక కాలేజీల సంగతి, ఒక విద్యాసంస్థ పేరు ఒకే పేజీలో నాలుగు చోట్ల చేరడం నేను చూశాను, చదువు కింద, రవాణా కింద కూడా! మీరు పనిచేసే సంస్థ గురించి మీరే రాయకండి, రాయాలనిపిస్తే చర్చా పేజీలో చెప్పండి, ఇంకెవరైనా చూసి చేరుస్తారు.

నిన్నటి వార్త కూడా ఇలాంటిదే. ఊళ్ళో ఒక నేరం జరుగుతుంది, టీవీల్లో వారం రోజులు ఊరి పేరు మారుమోగుతుంది, వెంటనే ఎవరో పేజీలో పెద్ద పేరా రాస్తారు, మనుషుల పేర్లతో సహా. వందల ఏళ్ళ ఊరికి ఆ వారం ఎంత వంతు? ఏడాది ఆగి చూడండి, అప్పటికీ దాని గురించి రాస్తున్నారా అని. అలాగని ఊరికి చెడ్డపేరని మురుగు, తాగునీరు, అల్లర్లు లాంటివి దాచేయడం కూడా కుదరదు, ఆధారాలు పదేపదే చెప్పే సమస్య అయితే పేజీలోనూ ఉండాలి.

కాలం చెప్పే మాటల మీద ఓ కన్నేయండి. "ఇటీవల", "ప్రస్తుతం", "త్వరలో" అనేవి రాసిన రోజే పాతబడతాయి. "త్వరలో ఫ్లైఓవరు నిర్మాణం ప్రారంభం కానుంది" అన్న వాక్యం ఏళ్ళ తరబడి అలాగే పడి ఉన్న పేజీలు చాలానే చూశాను.

భాష. ఇంగ్లీషు పేజీని అనువాద పరికరంలో వేసి తెచ్చి అతికిస్తే ఏమవుతుందో మీకు తెలుసు, "పట్టణం 13 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణాన్ని కలిగి ఉంది మరియు ఇది..." అని వస్తుంది. మనం ఇంట్లో "ఉప్పు మరియు కారం తీసుకురా" అంటామా? మరియు తీసేసి కామా పెట్టండి, కలిగి ఉంది తీసేసి ఉంది అనండి. మొదటి పేరా ఇలా ఉంటే సరిపోతుంది: "చీరాల ఆంధ్రప్రదేశ్, బాపట్ల జిల్లాలోని పట్టణం. ఇదే పేరుతో ఉన్న మండలానికీ రెవెన్యూ డివిజనుకూ కేంద్రం. విజయవాడ-చెన్నై రైలు మార్గంలో ఉంది. చేనేత వస్త్రాల ఉత్పత్తి, వ్యాపారం ఇక్కడి ప్రధాన వృత్తులు. 1921లో మునిసిపల్ పన్నులకు వ్యతిరేకంగా చీరాల-పేరాల ఉద్యమం ఇక్కడ జరిగింది." అంతే, ఊరు ఎప్పుడూ చూడనివాడికి ఊరు ఎక్కడుందో, ఏం చేస్తుందో తెలిసిపోయింది.

పేజీ మొదట్లో పక్కన కనిపించే సమాచారపెట్టెలో అక్షాంశ రేఖాంశాలు తారుమారు చేయకండి. చీరాల 15.82 ఉత్తరం, 80.35 తూర్పు. ఒక్కసారి అటూ ఇటూ అయితే ఊరు ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ పక్కన మంచు సముద్రంలో తేలుతుంది. వాహన రిజిస్ట్రేషను గడిలో పాత జిల్లా నంబరు ఏపీ 27 ఒక్కటే ఉంటే దిద్దండి, 2019లో రాష్ట్రమంతటికీ ఒకే కోడుగా ఏపీ 39 వచ్చింది. ఫోటో మీరు తీసిందే పెట్టండి. గూగుల్లో దొరికింది వద్దు. పొద్దున పూట గడియారస్తంభమో, మగ్గాల వీధో, స్టేషనో, సైన్‌బోర్డులూ నాయకుల ఫ్లెక్సీలూ పడకుండా ఒకటి తీయగలిగితే మీరు అదృష్టవంతులు.

ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని గుర్తుపట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. మీ వాక్యానికి ఆధారం వెతుకుతారు, ఏదో వెబ్‌సైటులో అచ్చు మీ వాక్యమే దొరుకుతుంది, సంతోషంగా దాన్నే మూలంగా పెడతారు. తీరా చూస్తే ఆ వెబ్‌సైటు వికీపీడియా నుంచే ఎత్తింది. పత్రికల ఆదివారం ప్రత్యేక కథనాలు కూడా అప్పుడప్పుడూ ఇదే పని చేస్తాయి. తేదీ చూడండి, పాత మార్పులన్నీ కనిపించే పేజీ చరిత్రలో ఆ వాక్యం ఎప్పుడు చేరిందో చూడండి, వికీయే ముందైతే ఆ మూలం పనికిరాదు. అలాగే పత్రికలోంచి పేరాలు దించడం కాపీరైటు ఉల్లంఘన, చదివి పక్కన పెట్టి మీ మాటల్లో రాయాలి.

ఇక పని క్రమం. ఖాతా తెరిచి, మీ ప్రయోగశాలలో, అంటే చిత్తు రాసుకోవడానికి ఇచ్చే మీ సొంత పేజీలో రాయండి, నేరుగా పేజీలో కాదు. ప్రతి వాక్యం రాసిన వెంటనే మూలం తగిలించండి, పుస్తకమైతే రచయిత, పేరు, సంవత్సరం, పేజీ నంబరు, తరవాత పెడదాంలే అనుకుంటే ఆ తరవాత రాదు. ప్రభుత్వ వెబ్‌సైట్ల లింకులు జిల్లాలు మారినప్పుడల్లా చచ్చిపోతుంటాయి, ఆర్కైవు ప్రతి ఒకటి చేసి పెట్టుకోండి. ఉన్న పేజీనే మారుస్తుంటే ఒకేసారి అంతా మార్చకుండా విభాగం విభాగంగా, ఏం ఎందుకు మార్చారో దిద్దుబాటు సారాంశంలో రాస్తూ వెళ్ళండి, తీసేసేవాళ్ళకి కూడా అప్పుడు మీ ఉద్దేశం తెలుస్తుంది. ఎవరైనా తీసేస్తే వెంటనే తిరిగి పెట్టి యుద్ధానికి దిగకండి, చర్చా పేజీలో అడగండి, తేలకపోతే వికీపీడియా వాళ్ళంతా మాట్లాడుకునే రచ్చబండ పేజీలో అడగండి. అన్నీ అయ్యాక పేజీని, మార్పులు జరిగితే చూపించే మీ వీక్షణ జాబితాలో చేర్చుకోండి, ఎన్నికలప్పుడు, సంక్రాంతికి జనం ఊళ్ళకి వచ్చినప్పుడు మార్పులు ఎక్కువ జరుగుతాయి, ఆ వారాల్లో రోజుకోసారి చూసుకోండి. నా మూడు పేరాల గ్రంథాలయం వేటపాలెం పేజీకి పోయింది, అక్కడ ఎవరో ఇంకా మంచి ఆధారాలతో దాన్ని మళ్ళీ రాశారు.